గుండెకు స్టెంటు పడింది.. మూడో రోజు కిడ్నీ మాటేమిటి?

ఛాతీలో నొప్పి అంటే బరంపురం, పర్లాకిమిడి తెలుగువారు విశాఖ బయల్దేరతారు. సిరొంచ వారికి వరంగల్. బళ్లారి, రాయచూరు వారు బెంగళూరుకో హైదరాబాదుకో వెళతారు. తిరుత్తణి వారికి వేలూరు, చెన్నై ఉన్నాయి. యానాం వారికి కాకినాడ. పెద్దాసుపత్రి కోసం సరిహద్దు దాటడం ఇక్కడి వారికి కొత్తేమీ కాదు. అక్కడ యాంజియోగ్రాం తీస్తారు. రక్తనాళంలో అడ్డు ఉంటే స్టెంటు వేస్తారు. అంతా సవ్యంగా ఉంటే ఒకట్రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. కిడ్నీకి ఏమైనా దెబ్బ తగిలిందా అన్నది మాత్రం అప్పటికి తేలదు. తేలే రోజుకు రోగి మరో రాష్ట్రంలో, తన ఇంట్లో ఉంటాడు.

ఎక్స్‌రేలో గుండె రక్తనాళాలు వాటంతట అవి కనిపించవు. మణికట్టు నుంచో గజ్జల నుంచో సన్నటి గొట్టం పంపి, అయోడిన్ కలిసిన మందు ఎక్కిస్తారు. ఆసుపత్రుల్లో దీన్నే 'డై' అంటారు. ఒంట్లోకి వెళ్లిన డైని కిడ్నీలే వడకట్టి బయటకు పంపాలి. ఆరోగ్యమైన కిడ్నీకి ఇది పెద్ద పని కాదు. ముందే అరిగిపోయిన కిడ్నీ అయితే తడబడుతుంది. అప్పుడు రక్తంలో క్రియాటినిన్ ఒకట్రెండు రోజుల్లో పెరగడం మొదలై, మూడు నుంచి అయిదు రోజుల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. చాలామందిలో ఒకట్రెండు వారాల్లో మళ్లీ దిగుతుంది. కొందరిలో దిగదు. కాబట్టి డిశ్చార్జి రోజు ఉదయం తీసిన రక్తపరీక్ష బాగుందంటే గండం గడిచినట్టు కాదు.

భయమెంత.. నిజమెంత?

డై కిడ్నీకి చేసే హాని మీద పాతికేళ్లుగా జరిగిన పరిశోధన చూస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది. 2000 సంవత్సరంలో జర్మనీ వైద్యులు 83 మంది మీద ఓ పరీక్ష చేశారు. ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు ఇస్తే డై వల్ల కిడ్నీ దెబ్బతినడం బాగా తగ్గిందన్నారు. కఫం కరగడానికి వాడే చవకైన మందే అది. దాంతో ఆసుపత్రుల్లో యాంజియోకు ముందు అది తప్పనిసరి తంతులా మారింది. 2004లో మరో చిన్న పరీక్ష, 119 మందితో. ఈసారి సోడా బైకార్బొనేట్ సెలైన్ గొప్పదన్నారు. దాని వెంట పడ్డారు.

పెద్ద పరీక్షలు వచ్చేసరికి కథ మారింది. 2011లో బ్రెజిల్‌లో 2,308 మందిని పరీక్షించారు. ఎసిటైల్‌సిస్టీన్ వేసుకున్నవారిలోనూ, వేసుకోనివారిలోనూ కిడ్నీ దెబ్బతిన్నవారు నూటికి 12.7 మందే. తేడా సున్నా. 2018లో వెలువడిన 'ప్రిజర్వ్' పరిశోధనలో దాదాపు అయిదు వేల మంది పాల్గొన్నారు. బైకార్బొనేట్ మామూలు ఉప్పు సెలైన్ కన్నా మెరుగేమీ కాదని, ఎసిటైల్‌సిస్టీన్‌తో ప్రయోజనం లేదని అది తేల్చేసింది. పద్దెనిమిదేళ్ల హడావుడి తర్వాత చేతిలో మిగిలింది సెలైన్ సీసా!

ఆ సెలైనైనా ఎవరికి ఎంత ఎక్కించాలన్నదే అసలు విద్య. 2014 నాటి 'పొసైడన్' పరీక్షలో గుండె లోపలి ఒత్తిడిని కొలిచి దాన్నిబట్టి సెలైన్ వేగం మార్చారు. కిడ్నీ దెబ్బతిన్నవారు నూటికి 16 నుంచి 7కు తగ్గారు. మరోపక్క 2017లో నెదర్లాండ్స్ వైద్యులు, కిడ్నీ పనితీరు మధ్యస్థంగా తగ్గినవారికి సెలైన్ ఎక్కించకపోయినా నష్టం పెరగలేదని చూపించారు. సిర ద్వారా డై ఎక్కించే సీటీ స్కాన్లలో ముప్పును ఇన్నాళ్లూ ఎక్కువ చేసి చెప్పారని 2020లో అమెరికా రేడియాలజీ, కిడ్నీ వైద్య సంస్థలు కలిసి ప్రకటించాయి. స్టెంటు వేసేటప్పుడు కిడ్నీ దెబ్బతింటే నింద మొత్తం డై మీదే వేయడమూ సరికాదు. గుండెపోటుతో బీపీ పడిపోయినా కిడ్నీకి రక్తం అందదు. గొట్టం తగిలి పెద్ద ధమని గోడలోని కొవ్వు తునకలు ఊడి కిడ్నీలో ఇరుక్కోవచ్చు.

అయితే ఈ భయం వల్ల ప్రాణాలు పోయే ప్రమాదమూ ఉంది. కిడ్నీ జబ్బు ఉన్న వృద్ధులకు గుండెపోటు వచ్చినా యాంజియో చేయడానికి వైద్యులు వెనకాడుతున్నారని 2004లో అమెరికా పరిశోధకులు లెక్కలతో చూపారు. అవసరమైన చికిత్స అందాల్సిన వారికే అందడం లేదన్నది వారి వాదన. గుండెపోటు నడుస్తుండగా 'క్రియాటినిన్ రిపోర్టు రానివ్వండి' అంటూ గంటలు గడిపితే, కిడ్నీ దక్కుతుందో లేదో గానీ గుండె కండరం చచ్చిపోతుంది. అక్కడ నాళం తెరవడమే ముందు పని.

గుండెపోటు కాదు, నడిస్తే ఆయాసం, అప్పుడప్పుడూ నొప్పి. మందులతో అదుపులో ఉంది. అలాంటివారి సంగతి వేరు. కిడ్నీ పనితీరు బాగా పడిపోయిన 777 మందిపై జరిపిన 'ఇస్కీమియా-సీకేడీ' పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. భారత్‌తో పాటు పలు దేశాల ఆసుపత్రులు ఇందులో పాల్గొన్నాయి. వారిలో సగం మందికి పైగా అప్పటికే డయాలసిస్‌పై ఉన్నారు. మొదటే యాంజియో చేసి స్టెంటో బైపాసో చేసిన వారిలోనూ, మందులతో నెట్టుకొచ్చిన వారిలోనూ మూడేళ్లలో మరణం లేదా గుండెపోటు ముప్పు దాదాపు సమానం. నూటికి 36 పైచిలుకు. పక్షవాతం మాత్రం మొదటి జట్టులోనే ఎక్కువ కనిపించింది. గుండె బాగా నీరసించిన వారు, భరించలేని నొప్పి ఉన్నవారు ఇందులో లేరు. మిగిలినవారికి మాత్రం 'ఇప్పుడే స్టెంటు అవసరమా?' అని డాక్టరును అడిగే హక్కు ఈ ఫలితాలు ఇచ్చాయి.

ఉద్దానం పక్కనే..

బరంపురం నుంచి ఇచ్ఛాపురం పాతిక ముప్పై కిలోమీటర్లు. అక్కడి నుంచి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వరకూ ఉద్దానం. కారణం తేలని కిడ్నీ జబ్బుకు దేశమంతా తెలిసిన పేరు. 2019లో ప్రచురితమైన ఓ సర్వేలో 2,210 మందిని పరీక్షిస్తే నూటికి 18 మందికి కిడ్నీ జబ్బు తేలింది. వారిలో ఎక్కువ మందికి సుగర్, బీపీ వంటి తెలిసిన కారణాలు లేవు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. సరిహద్దుకు రెండువైపులా బంధుత్వాలున్నాయి. ఉద్దానంలో పుట్టి ఒడిశాలో మెట్టినవారు, అక్కడి జీడి, కొబ్బరి తోటల్లో ఏళ్ల తరబడి పనిచేసి బరంపురం చేరినవారు ఎందరో. ఈ జబ్బులో కాళ్ల వాపు, మూత్రంలో నురగ లాంటి గుర్తులు చాలాకాలం కనిపించవు. ఇలాంటివారికి కిడ్నీ సంగతి మొదటిసారి బయటపడేది యాంజియో ముందు చేసే రక్తపరీక్షలోనే కావచ్చు. 'మాది ఉద్దానం' అన్న ఒక్క మాట గుండె డాక్టరు చెవిన వేయడం మంచిది.

రిపోర్టులో క్రియాటినిన్ 1.4 అని ఉంటే చాలామంది 'కాస్తే ఎక్కువ' అనుకుని వదిలేస్తారు. అదే 1.4 పాతికేళ్ల కుర్రాడిలో కిడ్నీ 70కి పైగా పనిచేస్తోందని చెబితే, 65 ఏళ్ల ఆడమనిషిలో 42కు పడిపోయిందని చెబుతుంది. వయసు, ఆడా మగా చూసి కట్టే ఈ లెక్క పేరు ఈజీఎఫ్‌ఆర్. ఎంత డై వాడొచ్చో కూడా దీన్నిబట్టే ఉంటుంది. ఈజీఎఫ్‌ఆర్ అంకెకు మూడు రెట్లు మించి మి.లీ.లు వాడకూడదన్నది క్యాథ్‌ల్యాబుల్లో వాడుకలో ఉన్న లెక్క. అంటే 30 ఉన్నవారికి 90 మి.లీ. లోపే. ఇంకా తగ్గిస్తే ఇంకా మేలు. నాళం లోపలికి అల్ట్రాసౌండ్ పంపి దాని ఆధారంగా స్టెంటు వేస్తే డై సగానికి పైగా తగ్గుతుందని 2014లోనే తేలింది. కాకపోతే దానికి ఖర్చుంది. గజ్జల బదులు మణికట్టు నుంచి వెళితే కిడ్నీ దెబ్బ కొంత తగ్గుతుందని 8 వేల మందికి పైగా రోగులున్న ఇటలీ పరీక్ష చెప్పింది. దానికి అదనపు ఖర్చేమీ లేదు.

అసలు అందరికీ డై ఎందుకు? ఎకోకు డై అక్కర్లేదు. ట్రెడ్‌మిల్, ఒత్తిడి ఎకోలకూ అక్కర్లేదు. న్యూక్లియర్ స్కాన్‌లో వాడే మందుతో కిడ్నీకి చేటు లేదు. సీటీ యాంజియో గొట్టం లేని పరీక్షే గానీ డై తప్పదు. స్థిరమైన ఛాతీనొప్పికి సీటీ సరిపోతుందని, దానివల్ల గొట్టం యాంజియోతో వచ్చే చిక్కులు తగ్గుతాయని 2022లో యూరప్ పరిశోధన చెప్పింది. మంచిదే. కానీ ఇక్కడ జరిగేది మరొకటి. బరంపురంలో సీటీ యాంజియో తీస్తారు. సీడీ తీసుకోకుండా, ఒక్క కాగితం పట్టుకుని రోగి విశాఖ వెళతాడు. అక్కడ మళ్లీ యాంజియో. మర్నాడు స్టెంటుకు మరోసారి డై. మూడు రోజుల్లో మూడు మోతాదులు! సరిహద్దు దాటేవారికి ఆధార్ కార్డు గుర్తుంటుంది, సీడీ గుర్తుండదు.

ఇక ఆ మూడో రోజు పరీక్ష. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల వరకు మందులు, పరీక్షల ఖర్చు కలిసే ఉంటుంది. ఒడిశా కూడా 2025లో ఈ పథకంలో చేరింది. గుర్తింపు ఉన్న ఆసుపత్రి పొరుగు రాష్ట్రంలో ఉన్నా కార్డు చెల్లుతుంది. ఇబ్బందల్లా, పరీక్ష చేయాల్సిన ఆసుపత్రి రెండు వందల కిలోమీటర్ల అవతల ఉండటమే. క్రియాటినిన్ పరీక్ష కోసం ఎవరూ మళ్లీ బస్సెక్కరు. ఎక్కనవసరమూ లేదు. ఇది తాలూకా కేంద్రంలోని ల్యాబులోనూ అయ్యే పరీక్షే. ఖర్చు వందల్లోనే. కావాల్సింది మూడు సంగతులు కాగితం మీద ఉండటం: స్టెంటుకు ముందు క్రియాటినిన్ ఎంత, ఎన్ని మి.లీ. డై వాడారు, ఏ తేదీన మళ్లీ చూసుకోవాలి. అది తెలుగులో ఉందా, ఒడియాలో ఉందా, ఇంగ్లిషులో ఉందా అన్నది తర్వాతి మాట. అంకెలు ఏ ఊరి డాక్టరుకైనా ఒకటే.

ముందటి అంకె కన్నా సగం పెరిగితే, అంటే 1.2 కాస్తా 1.8 అయితే, ఆలస్యం చేయకుండా కిడ్నీ డాక్టరును కలవాలి. మూత్రం తగ్గినా అంతే. ఆ వారం రోజులూ ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి బిళ్లలు మందుల షాపులో అడిగి వేసుకోవడం మానాలి. కిడ్నీ ముందే బలహీనంగా ఉన్నవారికి సుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్‌ను డై ఎక్కించాక 48 గంటలు ఆపి, పరీక్ష చూసి మళ్లీ మొదలుపెడతారు. ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పకుండా ఆపేస్తే, ఇంటికొచ్చాక సుగర్ మందు లేకుండానే నెల గడిచిపోతుంది. రక్తం పలచబరిచే బిళ్లలు మాత్రం స్టెంటు పడినవారు ఎవరి మాటా విని సొంతంగా ఆపకూడదు. క్రియాటినిన్ పెరిగినా సరే, స్టెంటు వేసిన డాక్టరుకు ఫోన్ చేసి అడగాల్సిందే. డిశ్చార్జి కాగితం మీద ఆ ఫోన్ నంబరు కూడా రాయించుకుని బయల్దేరాలి.