తాళి లేని కాపురానికీ లెక్క ఉంది

దుమ్ముగూడెం, చర్ల మొదలు అశ్వారావుపేట దాకా అడవి అంచున ఏ గూడేనికి వెళ్ళినా ఇలాంటి పంచాయితీ ఒకటి చెవిన పడుతుంది. ఏడెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో కలిసి ఉన్నారు. ఇద్దరు పిల్లలు. పోడు నరికింది ఇద్దరూ, మిరపతోటలో కూలికి పోయింది ఇద్దరూ. ఒకనాడు అతను ఆమెను వెళ్ళగొడతాడు. పెద్దమనుషులు చెట్టు కింద కూర్చుంటారు. "పెళ్ళే కాలేదు కదా, ఇంకేం అడుగుతావు?" అన్న మాట ముందుగా వస్తుంది. చివరకు అతనికి తప్పు వేస్తారు. అందులో కొంత పంచాయితీ ఖర్చులకే పోతుంది. మిగిలింది ఆమె చేతిలో పెట్టి, ఇకమీదట తనకు ఏ హక్కూ లేదని తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు.

ఆ వేలిముద్ర గురించే ఈ నాలుగు మాటలు.

కోయల్లో ఓలి ఇచ్చి, విందు పెట్టి చేసే పెళ్ళితోపాటు ఇష్టపడి లేచిపోయి కాపురం పెట్టడమూ పాత ఆచారమే. దాన్ని గూడెం తప్పుగా చూడదు. పెద్దలు కూర్చుని ఒప్పుకుంటే అది కాపురమే. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు కనుక, ఇక్కడ పెళ్ళికి ఆచారమే సాక్ష్యం. కాపురం సాగినన్నాళ్ళూ ఆలుమగలని పిలిచిన ఊరు, తెగిపోయిన నాడు మాత్రం తాళి ఏదని అడగడం న్యాయమేనా?

చట్టం అలా అడగడం లేదు. 2005లో చేసి, 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి తెచ్చిన గృహహింస నిరోధక చట్టం, పెళ్ళి వంటి సంబంధంలో ఒకే ఇంట ఉన్న స్త్రీకీ రక్షణ ఇచ్చింది. కొట్టడమే హింస కాదు. తిండికి డబ్బు ఆపడం, ఇంట్లోంచి గెంటడం, ఆమె సామాను లాక్కోవడం కూడా హింసే. మేజిస్ట్రేటు కోర్టు ఆమెకు నెలనెలా ఖర్చులు ఇప్పించవచ్చు, ఉండటానికి చోటు చూపించమనవచ్చు, ఆమె వస్తువులు తిరిగి ఇప్పించవచ్చు, నష్టపరిహారమూ వేయవచ్చు. ఇప్పుడు కలిసి లేకపోయినా, గతంలో కలిసి ఉంటే చాలు.

జార్ఖండ్‌లో ఒక మహిళ తనతో కాపురం చేసిన వ్యక్తిని భరణం అడిగింది. చట్టప్రకారం పెళ్ళాడిన భార్య కాదని హైకోర్టు తోసిపుచ్చింది. 2018లో సుప్రీంకోర్టు, పెళ్ళి కాకపోయినా గృహహింస చట్టం కింద ఆమె భరణం కోరవచ్చని చెప్పింది.

అయితే కలిసి ఉన్న ప్రతి జంటకూ ఇది దొరకదు. 2010లో సుప్రీంకోర్టు కొన్ని షరతులు పెట్టింది. ఇద్దరికీ పెళ్ళి వయసు ఉండాలి, పెళ్ళాడటానికి అడ్డంకి ఉండకూడదు, చెప్పుకోదగినంత కాలం కలిసి ఉండాలి, నలుగురిలో ఆలుమగలుగా మెలగాలి. అతనికి అప్పటికే భార్య ఉంటే ఆమె దావా చిక్కుల్లో పడుతుంది. ఇంకొకటి, భరణం వేరు, వారసత్వం వేరు. పెళ్ళి రుజువు కాకపోతే అతని భూమిలో ఆమెకు భార్యగా వాటా రాదు. ఉన్నమాట దాచి ఆశ పెట్టడం మంచిది కాదు.

పిల్లల సంగతి మాత్రం స్పష్టం. తల్లిదండ్రులకు పెళ్ళయినా, కాకపోయినా, పోషించే స్తోమత ఉన్న తండ్రి బిడ్డకు భరణం ఇవ్వవలసిందే. పాత 125వ సెక్షన్‌లో ఉన్న ఈ మాటే 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 144వ సెక్షన్‌గా ఉంది. దీన్ని ఏ పంచాయితీ మాఫీ చేయలేదు. భరణం వదులుకున్నట్టు రాయించుకున్న కాగితాలు చెల్లవని పలు హైకోర్టులు తీర్పులిచ్చాయి.

భూమి మాట కూడా చెప్పుకోవాలి. మైదానం నుంచి వచ్చినవారు గిరిజన స్త్రీతో కాపురం పెట్టి, ఆమె పేరున భూమి కొని సేద్యం చేయడం ఏజెన్సీకి కొత్త కాదు. విడిపోయేటప్పుడు "డబ్బు నాది, భూమి రాసివ్వు" అంటారు. భయపడి రాసివ్వకండి. 1970 నాటి 1వ నిబంధన ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదలాయింపు చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను సమర్థించింది. బెదిరిస్తే భద్రాచలం ఐ.టి.డి.ఏ.లో ఫిర్యాదు చేయవచ్చు. పోడు పట్టా సంగతీ అంతే. 2006 అటవీ హక్కుల చట్టం అది దంపతులిద్దరి పేరునా ఉండాలంది. పట్టాలో ఆమె పేరు ఉంటే పెద్దల తీర్మానంతో అది చెరిగిపోదు.

కనుక కాపురం బాగున్న రోజుల్లోనే కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి. ఇద్దరి పేర్లూ ఉన్న రేషను కార్డు, ఉపాధి పని కార్డు, తండ్రి పేరుతో బిడ్డ జనన పత్రం రేపు కోర్టులో సాక్ష్యాలవుతాయి. పుట్టింటికి వచ్చి ఉంటే ఆ ప్రాంతపు కోర్టులోనే కేసు వేయవచ్చు. స్త్రీలకు, గిరిజనులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 181 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

పెద్దమనుషులకు ఒక మనవి. మీ పంచాయితీ వద్దనడం లేదు. కోర్టు దూరం, వాయిదాలు ఎక్కువ. మీరు ఒక్క పూటలో తేలుస్తారు. కానీ తేల్చేటప్పుడు ఆమె ఎన్నేళ్ళు చాకిరీ చేసిందో, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో, నెలకు ఎంత ఖర్చో లెక్క వేయండి. వేసిన తప్పు సొమ్ము మొత్తం ఆమె చేతికే ఇప్పించండి. హక్కు లేదని మాత్రం రాయించకండి. ఆ వేలిముద్ర వేసేది రేపు మీ ఇంటి ఆడపడుచే కావచ్చు.