రెండు పంటల నడుమ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పట్టుపురుగుల షెడ్డు ఖాళీ అయినంత మాత్రాన ఇంటికి తీరిక దొరకదు. గుడ్డు పగిలిన నాటి నుంచి గూడు కట్టేదాకా దాదాపు 25 రోజుల చాకిరి. గూళ్లు మార్కెట్టుకు పోగానే పురుగులు గూడు కట్టిన తట్టలు, చంద్రికలు, ఎండలో వేస్తారు, గోడలకూ నేలకూ బ్లీచింగ్ నీళ్లు కొడతారు. చేతులు ఆడుతుండగానే మాటలు మొదలవుతాయి. తడి ఆకు వేశామా? పక్క టమాటా తోటలో కొట్టిన మందు మల్బరీ మీద పడిందా? పురుగుల ప్రాణం తీసే ఊజీ ఈగ ఎటునుంచి దూరింది? పంట పోతే కోడలి మీదో కూలి మీదో నెపం వేసే ఇళ్లూ ఉన్నాయి. అలాంటి చోట మరుసటిసారి పురుగు మేత ముట్టకపోయినా, చూసినవాళ్లు నోరు విప్పరు.

ఈ ఇళ్ల పిల్లలు ఎందరో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. అక్కడా పని విడతలుగానే సాగుతుంది. ఒక్కో విడత స్ప్రింట్, చివర అందరూ కూర్చుని వెనక్కి చూసుకునేది రెట్రాస్పెక్టివ్. సాఫ్ట్‌వేర్ తయారీ తీరుపై వచ్చిన 2001 నాటి ఎజైల్ ప్రకటన 12 సూత్రాల్లో ఆఖరిది ఇదే. అప్పటికి తెలిసినంతలో, చేతనైనంతలో ప్రతి ఒక్కరూ బాగానే చేశారని నమ్మి కూర్చోవాలని అదే ఏడాది సాఫ్ట్‌వేర్ సలహాదారు నార్మన్ కెర్త్ రెట్రాస్పెక్టివ్‌ల మీద రాసిన తన పుస్తకంలో నియమం పెట్టారు. మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి బతుకంతా చెప్పిందీ తీర్పు పక్కనపెట్టి చూడమనే.

అలా చూడటం ఎంత కష్టమో రెట్రాస్పెక్టివ్ జరిగే గదిలో తెలుస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయికి టెస్టింగ్‌కు ఒక్క రోజే మిగిలిందని తెలుసు. మేనేజర్ ఎదురుగా ఉన్నారు, ఇంగ్లిషు మాట వెంటనే తోచదు. "అంతా బాగుంది" అనేస్తుంది. అందుకే ముందు అందరూ చీటీల మీద రాయాలి, తెలుగులోనైనా సరే. పెద్దవాళ్లు చివర మాట్లాడాలి. ఇరవై ఫిర్యాదులు బోర్డుకు అంటించి వదిలేసే కంటే ఒక్కటి పట్టుకుని, ఎవరు ఎప్పటికి సరిచేస్తారో అక్కడే తేల్చాలి. తర్వాతి సమావేశం దానితోనే మొదలవ్వాలి. చెప్పింది జరిగిందని ఒకసారి చూస్తే, ఆ అమ్మాయి రెండో చీటీ రాస్తుంది.

షెడ్డు కడిగిన ఇంట్లో కిటికీ వల చిరిగిన చోటు కనబడగానే ఎవరో ఒకరు సూది, దారం తెస్తారు. తర్వాతి పంటకు లేత చాకీ పురుగులు వచ్చేలోపు కుట్టు పడాలి.