నిలిచిన జాబును ముందు చదువుడు

గత వేసవిలో, శృంగవరపుకోట బజారు పనసపండ్ల వాసనతో నిండియున్న దినములలో, మా వీథి పిల్లవాడొకడు ఉద్యోగమునకై దరఖాస్తు పెట్టుకొనెను. తాను చదువుకొన్న కళాశాలవారిచ్చిన ఈమెయిలు చిరునామానుండి, గడువునకు రెండుదినములు ముందుగనే, ధ్రువపత్రముల నకళ్లతోసహా దానిని పంపి, చేరినదన్న జవాబు ఎంతకును రాకపోవుటచే మనసు నిలువక, గడువునాటి సాయంకాలము నన్ను వెంటబెట్టుకొని కళాశాల కంప్యూటరు గదికి పోయెను. అవతలి కచేరీ అప్పటికే మూతపడినది. టెలిఫోను మ్రోగుచున్నదే కాని యెత్తువారు లేరు.

సర్వరును జూచుకొను యువకుడు తెరమీద ‘మెయిల్‌క్యూ’ అని టైపుచేయగానే, నిలిచియున్న జాబుల పట్టిక కనబడెను. ఒక్కొక్క జాబునకు ఒక గుర్తుసంఖ్య, దాని పరిమాణము, వచ్చిన వేళ, పంపినవాని చిరునామా. ఆ దిగువ పంక్తిలో, కుండలీకరణముల నడుమ, అది కదలకుండుటకు గల కారణము. దానికిని దిగువ, చేరవలసినవాని చిరునామా. మావాని దరఖాస్తు క్రింద 452 అను సంఖ్యయు, పుచ్చుకొనువారి పెట్టెలో చోటు లేదన్న మాటయు స్పష్టముగా నుండెను. “మన తప్పేటీ నేదండి మాస్టారూ, ఆళ్ల పెట్టి నిండిపోనాది” అని యా యువకుడు తేల్చిచెప్పెను. మఱునాడు మధ్యాహ్నము ఆ కచేరీవారు పెట్టెను ఖాళీచేసికొనగా జాబు చేరెను. చేరినవెంటనే, గడువు దాటినదని త్రోసివేయబడెను.

ఈమెయిలు మీట నొక్కినతోడనే గమ్యమున వ్రాలునని మనలో పెక్కురు తలంతురు. యథార్థమున కది, 1982 లో జాన్ పోస్టెల్ వ్రాసిన నియమావళినాటినుండి నేటివఱకును, మజిలీలుగా నడచుచున్నది: ఒక సర్వరు జాబును పుచ్చుకొని, తన డిస్కుమీద భద్రపఱచుకొని, తరువాతి సర్వరు సరేయనువఱకును దాని బాధ్యతను వహించును. అవతలివారు ఐదుతో మొదలగు సంఖ్యను జెప్పిరా, అది తుది నిరాకరణము. ఆ సంగతి పంపినవానికి తిరిగివచ్చును. నాలుగుతో మొదలగు సంఖ్యను జెప్పిరా, ‘ఇప్పుడు కాదు, మఱల రమ్ము’ అని యర్థము. జాబు వరుసలో నిలుచును. వీట్సె వెనెమా రచించి 1998 లో లోకమునకిచ్చిన పోస్ట్‌ఫిక్సు అను సాఫ్ట్‌వేరు, వేఱుగా మార్పుచేయనిచో, ఇట్టి జాబును మొదట కొలది నిమిషములకును, పిమ్మట వ్యవధిని పెంచుకొనుచు గంటకుపైగా తాళియు, ఐదుదినములవఱకు పంపజూచుచునే యుండును. కొత్తవలస–కిరండూల్ మార్గములో ఇనుపఖనిజపు బండి లూపులైనుమీద నిలుచుట యెఱుగనివారు మా ప్రాంతమున లేరు. ముందరి స్టేషను లైన్‌క్లియరు ఇయ్యలేదని స్టేషనుమాస్టరు ఆ ఖనిజమును గోస్తనిలో పారబోయింపడు గదా!

అయినను సర్వరుల నేలువారిలో కొందఱు చేయుచున్నది అదియే. వరుస పెరిగినదని వినగానే, కారణమును చదువక, మొదట జాబులన్నిటిని ఒక్కసారిగా తఱుముదురు. అవి కదలకపోవుటతో, ఒక్క ఆజ్ఞతో సర్వమును తుడిచివేయుదురు. తఱిమినంతమాత్రమున నిండిన పెట్టె ఖాళీ కాదు. మాటిమాటికి తఱుముట తక్కిన జాబుల నడకనుగూడ మందగింపజేయును. తుడిచివేసినచో, పోలేదను తిరుగుకబురైనను పంపినవానికి అందదు. రోగమునుబట్టి మందు: నిలిచినవన్నియు ఒకే డొమైనునకు పోవలసినవైనచో, లోపము అవతలివారిది కావచ్చును, లేదా మన సర్వరును వారు నల్లపట్టికలో చేర్చియుండవచ్చును; అన్ని దిక్కులకు పోవలసినవియు నిలిచినచో, మన డీఎన్‌ఎస్‌ను, మన లైనును, మన డిస్కును చూచుకొనవలెను. పరిచయములేని సర్వరును మొదటిసారి కావలెననియే త్రిప్పిపంపి, ఓపికతో మఱల వచ్చినచో లోనికి రానిచ్చు సర్వరులును గలవు. అచ్చట మందు వేచియుండుటయే. ఎవని పాస్‌వర్డో దొంగల చేతబడి, వాని పేర వేలకొలది చెత్తజాబులు బయలుదేఱినచో, ముందా ఖాతాను మూసి, ఆ జాబులనుమాత్రమే ఏఱి తీసివేయవలెను. తాలు చెఱుగుటకు చేట యుండగా గాదెను తగులబెట్టువాడు రైతు కాడు.

సర్వరు ఓర్పునుగూర్చి నాకు ఫిర్యాదు లేదు. దాని మౌనమునుగూర్చియే నా మొఱ. జాబు ఇంకను పోలేదని పంపినవానికి తెలియజేయు సదుపాయము పోస్ట్‌ఫిక్సులో కలదు. కాని స్థాపించిననాడు అది నిద్రాణమై యుండును, నిర్వాహకుడు తానై గంటల లెక్క వ్రాసి దానిని మేల్కొల్పవలెను. ఆ కళాశాలలో దాని నెవరును మేల్కొల్పకుండుటచేతనే మావాడు రెండుదినములు చీకటిలో నుండెను. నాలుగు గంటలని యొక్క పంక్తి వ్రాసియున్నచో, మొదటినాడే వాడు కాగితములు చంకనిడుకొని బస్సెక్కి యుండును. ప్రతి విద్యాసంస్థయు, ప్రతి కచేరియు ఈ పంక్తిని వ్రాసికొనవలెనని నా మొదటి కోరిక.

రెండవ కోరిక పుచ్చుకొనువారినుగూర్చినది. తపాలాకవరుమీది ముద్రను జూచి, జాబు ఏనాడు బయలుదేఱినదో మన పెద్దలు నిర్ణయించెడివారు. ఈమెయిలునకును అట్టి ముద్రలు గలవు: త్రోవలోని ప్రతి సర్వరును జాబు శిరోభాగమున తన పేరును, వేళను వ్రాయును, అన్నిటికంటె అడుగుననున్నది మొదటి మజిలీ. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 13 వ సెక్షను, వేఱు ఒడంబడిక లేనియెడల, పంపినవాని యదుపులో లేని కంప్యూటరులో ప్రవేశించినప్పుడే ఎలక్ట్రానిక్ రికార్డు పంపబడినట్లు లెక్కించుచున్నది. చేరుటకు వేఱు లెక్కను జెప్పుచున్నది. కావున, గడువులోపల చేరియే తీరవలెనని ప్రకటించుకొను హక్కు కచేరీకి లేదనను. కాని తన గుమ్మము తానే మూసికొని, గుమ్మము వెలుపల నిలిచినవానిని ఆలస్యముగా వచ్చితివని నిందించుట యే న్యాయము? అడుగు ముద్రలను కల్పింపవచ్చునని యాక్షేపించువారు గలరు, అది నిజమే. అయినను, గుర్తుసంఖ్యనుబట్టి పంపిన సర్వరు లాగుతో సరిచూచుకొనుట నిమిషముల పని. అదియు నమ్మరేని, చోటు లేదని తాము పలుమాఱులు త్రిప్పిపంపిన వృత్తాంతము సాధారణముగా వారి సర్వరు లాగులోనే దొరకును. సాక్షి వారి యింటనే యున్నాడు, అడుగుటయే తఱవాయి.

ఆ సాయంకాలపు తెరను యువకుడు అచ్చుతీసియిచ్చెను. మావాడు దానిని జతపఱచి, పునర్విచారణకై వినతిపత్రమును, ఈసారి కాగితముమీదనే, ఆ కచేరీలో స్వయముగా ఇచ్చివచ్చెను. పనసకాయల కాలము పోయినది, వానలు వెలిసినవి, జవాబు రాలేదు. సర్వరు వరుసలో నిలిచిన జాబు క్రింద, ఎందులకు నిలిచినదో యంత్రమైనను ఒక పంక్తి వ్రాసినది. కచేరీ బల్లమీద నిలిచిన యీ కాగితము క్రింద ఆ పంక్తిని వ్రాయువారు ఇంకను రావలసియున్నది.