జింకకు ఏ రివాల్వరు?

కోదాడ నుంచి టెక్సాస్ వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న మా బంధువుల అబ్బాయి ఫోన్లో రెండు ప్రశ్నలు అడిగాడు. "బాబాయ్, ఇక్కడ జింకల సీజన్ మొదలవుతోంది. స్నేహితులు రమ్మంటున్నారు. రివాల్వరుతో కొట్టాలంటే ఏ క్యాలిబరుది తీసుకోవాలి?" అన్నది మొదటిది. రెండోది, ఊరికి వచ్చినప్పుడు నాగార్జునసాగర్ అడవి వైపు మన దగ్గర కూడా వేటకు పోవచ్చా అని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ ప్రశ్నలు అతనొక్కడివే కావని నా నమ్మకం. అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్నను తేలిగ్గా తీసేయడం నాకిష్టం లేదు. వేట చట్టబద్ధమైన చోట తుపాకీ ఎంపిక గురించి ఆలోచించేవాడు, ఆలోచించనివాడికంటే మేలు. తక్కువ శక్తి ఉన్న గుండు తగిలిన జింక అక్కడికక్కడే పడదు. పేగుల్లో సీసంతో చాలా దూరం పరుగెత్తి, ఏ పొదలోనో ఒక రాత్రంతా చస్తుంది. క్యాలిబరు లెక్కంతా ఆ బాధ తప్పించడానికే.

క్యాలిబరు అంటే గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో. పేర్లు కొంచెం మోసం చేస్తాయి. .38 స్పెషల్ గుండు, .357 మాగ్నమ్ గుండు ఒకే వ్యాసంలో ఉంటాయి. తేడా అంతా తూటా పొడవులో, మందులో, దాని ఒత్తిడిలో ఉంది. .44 మాగ్నమ్ నిజానికి .429 అంగుళమే. కాబట్టి పేరు పక్కనపెట్టి గుండు బరువు, వేగం చూడాలి. 1935లో వచ్చిన .357 మాగ్నమ్ 158 గ్రెయిన్ల గుండును సెకనుకు 1,235 అడుగుల వేగంతో వదిలితే గొట్టం దగ్గర శక్తి 535 ఫుట్ పౌండ్లు. యాభై గజాలు పోయేసరికి అది 430 దగ్గరికి పడిపోతుంది. జింకకు ఇది అంచు మీద నిలిచే తుపాకీ. చేయి తిరిగినవాడు, పాతిక ముప్పై గజాల్లో, పక్కకు తిరిగి నిలబడ్డ జింకను కొడితే సరిపోతుంది. కొత్తవాడికి సరిపోదు.

1955 చివర్లో ఎల్మర్ కీత్ అనే వేటగాడి పట్టుదల వల్ల స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి .44 మాగ్నమ్ తెచ్చాయి. 240 గ్రెయిన్ల గుండు, గొట్టం పొడవును బట్టి 750 నుంచి 1,000 ఫుట్ పౌండ్ల శక్తి. 1971లో 'డర్టీ హ్యారీ' సినిమా దానికి కథానాయకుడి చేతి ఆయుధమన్న పేరు తెచ్చిపెట్టింది కానీ, కీత్ దాన్ని కోరుకున్నది జంతువుల వేట కోసమే. రివాల్వరుతోనే కొట్టాలని గట్టిగా అనుకునేవాడికి నా జవాబు ఇదే: .44 మాగ్నమ్, ఆరంగుళాలకు తగ్గని గొట్టం, త్వరగా పగిలిపోకుండా లోపలికి దిగే సాఫ్ట్ పాయింట్ గుండు, యాభై గజాల లోపు దూరం. అదే తుపాకీలో .44 స్పెషల్ తూటాలు కూడా పడతాయి. వెనక్కి తన్నడం తక్కువ గనక సాధన వాటితో మొదలుపెట్టాలి. చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా పేల్చకూడదు. సిలిండరుకీ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. పేలినప్పుడు వేడి వాయువు అందులోంచి పక్కలకు చిమ్ముతుంది. రైఫిలు అలవాటున్న చేయి ముందుకు జరిగి ఆ సందు దగ్గర వేళ్లు పెడితే గాయం తప్పదు.

నిజం చెప్పాలంటే మొదటిసారి వెళ్లేవాడు రివాల్వరు జోలికే పోకూడదు. రైఫిలును భుజానికి ఆనించవచ్చు. గురి చూసే రెండు బిందువుల మధ్య దూరం ఎక్కువ. చేయి వణికినా గుండు అంతగా పక్కకు పోదు. .30-06 రైఫిలు శక్తి 2,800 ఫుట్ పౌండ్ల దాకా ఉంటుంది. తొమ్మిదంగుళాల కాగితం పళ్లెంలో, కొట్టాలనుకున్న దూరం నుంచి, ప్రతి గుండూ పడేదాకా సాధన చేయనివాడు ఆ దూరం నుంచి ప్రాణి మీద గురి పెట్టడం నా దృష్టిలో తప్పు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు కూడా దాదాపు అంతే ఉంటుంది.

తుపాకీ కంటే ముందు మన పిల్లలు వీసా చూసుకోవాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. చదువుకునే ఎఫ్-1, ఉద్యోగాల హెచ్-1బి రెండూ అందులోకే వస్తాయి. దీనికున్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, అక్కడి రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. అంటే వేట లైసెన్సు గడువు తీరిన మర్నాడు కూడా అల్మారాలో తుపాకీ ఉంటే, మరో మినహాయింపు లేనివాడు నేరస్థుడే. టెక్సాస్‌లో వేటాడాలంటే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ కోర్సు చేయాలి. కొందరు కుర్రాళ్లు ఈ లైసెన్సును వేట కోసం కాక తుపాకీ కొనుక్కునే దారిగా చూస్తున్నారు. ఇది నన్ను భయపెడుతోంది. 2024లో అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకడు కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఇక్కడ తల్లిదండ్రులకు ఆ తుపాకీ సంగతి శవం వచ్చేటప్పుడే తెలుస్తుంది. అమ్మానాన్నలకు ఫోన్లో చెప్పలేని వస్తువును కొనవద్దని ఆ పిల్లలకు నా మాట.

అక్కడ వేటను ఎందుకు అనుమతిస్తారో కూడా తెలుసుకోవాలి. తెల్లతోక జింకలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సుమారు అయిదు లక్షలకు పడిపోయాయి. అమ్మకం కోసం విచ్చలవిడిగా చంపడమే కారణం. 1900లో లేసీ చట్టం తెచ్చి ఆ వ్యాపారానికి అడ్డుకట్ట వేశారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంతో తుపాకులు, తూటాల మీది పన్ను డబ్బును వన్యప్రాణుల సంరక్షణకే మళ్లించారు. రివాల్వరు మీద పది శాతం అలా పోతుంది. ఇప్పుడు ఆ జింకలు దాదాపు మూడు కోట్లు. వాటిని తినే తోడేళ్లను మనుషులు చాలాచోట్ల తుడిచిపెట్టారు గనక సంఖ్యను అదుపులో పెట్టే పని కొంత వేటగాడిది అయింది. సీజన్లు, ఎన్ని కొట్టాలన్న పరిమితులు, తనిఖీలు అన్నీ ఆ లెక్క మీద నడుస్తాయి. ఆ ఏర్పాటుతో నాకు గొడవ లేదు.

రెండో ప్రశ్నకు జవాబు ఒక్క మాట: పోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షను వేటను నిషేధించింది. ఆ చట్టం దృష్టిలో చంపడమే వేట కాదు. ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా పాతిక వేలకు తగ్గదు. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టడమే నేరం. నల్లగొండ జిల్లా దాకా విస్తరించిన అమ్రాబాద్ పులుల అడవి సంగతి చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఉన్న రివాల్వర్ల సంగతి కూడా చూద్దాం. మన దగ్గర మామూలు పౌరుడికి లైసెన్సు మీద ఎక్కువగా దొరికేది .32 రివాల్వరు, కాన్పూరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ తయారీ. .38, .455, 9 ఎంఎం నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. .32 శక్తి నూరు, నూటయిరవై ఫుట్ పౌండ్లు. ఇందాక .357 కూడా అంచు మీదే ఉందన్నాను. దానిలో ఇది సుమారు అయిదో వంతే. దీంతో జింకను కొట్టేవాడు వేటగాడు కాడు, దాన్ని కుంటిదాన్ని చేసి వదిలేసేవాడు. ఆ లైసెన్సు ప్రాణరక్షణ కోసం ఇచ్చింది. ఎన్నికలొస్తే ఠాణాలో అప్పజెప్పి రావలసిన ఆయుధం అది. రైసుమిల్లు, కాంట్రాక్టు, రాజకీయం ఉన్న ఇళ్లలో దాన్ని హోదాగా చూపించుకునే అలవాటు మన మూడు పట్టణాల్లోనూ ఉంది. అడవి దాకా దాన్ని తీసుకెళ్లాలన్న కోరిక ఆ అలవాటు నుంచే పుడుతుంది.

ఈ నేల మీద తుపాకీకీ వేటకూ ఒక చరిత్ర ఉంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ పోయే ప్రతి బస్సూ వనస్థలిపురం దగ్గర ఒక అడవి పక్కనుంచే పోతుంది. మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటమైదానం. వర్ధమాన మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరాన్ని పురస్కరించుకుని 1975లో దాన్ని జింకల వనం చేశారు. మూడున్నర వేల ఎకరాల్లో ఇప్పటికీ కృష్ణజింకలు తిరుగుతున్నాయి. నిజాముల రోజుల్లో షికారు దొరలదీ అధికారులదీ. పొదలు కొట్టి జంతువును తోలి తెచ్చే పని వెట్టివాళ్లది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో జనం వెట్టి మీద తిరగబడ్డారు. భీమిరెడ్డి నరసింహారెడ్డి లాంటి వాళ్ల దళాల చేతుల్లో మొదట ఉన్నవి వడిసెలలూ బర్మారు తుపాకులే. వెట్టిని కూలదోసిన ఊళ్లలో సరదా షికారును గొప్పగా చెప్పుకోవడం నాకు మింగుడుపడదు.

జింకకు మిగిలిన చోటు కూడా చూడండి. కృష్ణజింకకు కావలసింది దట్టమైన అడవి కాదు, గడ్డి ఉన్న ఎండు మైదానం. 1967లో సాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములు వరిమళ్లయ్యాయి. అది మన అన్నం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ పాత గడ్డిబీళ్లు మళ్లీ రావు. 2014లో జింకను తెలంగాణ రాష్ట్ర జంతువుగా ప్రకటించుకున్నాం. దానికి చోటు మాత్రం గుట్టల మీదా, సాగర్ దాటిన అడవిలోనే.

ఇక్కడ దాన్ని చంపుతున్నది రివాల్వరు కాదు. రాత్రిపూట చేల గట్ల మీద పరిచే కరెంటు తీగ, ఉచ్చు, బైకు హెడ్‌లైట్ వెలుగులో పేలే నాటు తుపాకీ. ఆ తీగకు మర్నాడు పొద్దున పక్క చేను రైతే తగిలి చనిపోతాడు. అడవి పందులు పంట తొక్కేస్తుంటే రైతు ఏం చేయాలని అడిగితే, ఆ బాధ అక్షరాలా నిజం. చట్టంలో దానికి దారి ఉంది. పంటకు నష్టం చేసే జంతువును చంపడానికి పదకొండో సెక్షను కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. ఆ అనుమతి, పంట నష్టపరిహారం వారాల తరబడి కాక రోజుల్లో అందేలా చేయడం అటవీ శాఖ బాధ్యత. దాని కోసం రైతు సంఘాలు గట్టిగా అడగాలి. పంది పేరు చెప్పి దుప్పిని కొట్టి, మాంసం పట్నానికి పంపేవాళ్లకు ఆ బాధను అడ్డుగా వాడుకునే హక్కు లేదు.

1998 అక్టోబరులో జోధ్‌పూర్ దగ్గర కంకాణీ గ్రామంలో రెండు కృష్ణజింకలను చంపిన కేసు అందరికీ తెలుసు. 2018 ఏప్రిల్ 5న కోర్టు సల్మాన్ ఖాన్‌కు అయిదేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలు చేసుకున్నారు. ఇరవై ఏళ్లపాటు ఆ కేసు చావకుండా ఉన్నదంటే అక్కడి బిష్ణోయ్ గ్రామస్థులు సాక్ష్యం మీద నిలబడ్డారు గనకే. మన దగ్గర తుపాకీ మోత విన్నవాళ్లు ఉన్నారు, తెల్లారి మాంసం పంచుకున్న ఇల్లు ఏదో ఊరందరికీ తెలుసు. సాక్షి మాత్రం దొరకడు.

టెక్సాస్‌లో ఉన్న అబ్బాయికి చెప్పిందే అందరికీ చెబుతున్నాను. అక్కడ వేటకు వెళ్లేవాళ్లు కోర్సు చేసి, లైసెన్సు తీసుకుని, రైఫిలుతో, తెలిసినవాళ్ల వెంట వెళ్లండి. ఇక్కడికి వచ్చినప్పుడు జింకను చూడాలనిపిస్తే వనస్థలికి టిక్కెట్టు కొనుక్కుని పోండి. ఇక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ల పాఠకులకు ఒక విన్నపం. చేను గట్టు మీద కరెంటు తీగ కనబడినా, రాత్రి తుపాకీ మోత వినబడినా అదే రాత్రి 112కు ఫోన్ చేయండి. మర్నాడు ఫారెస్ట్ రేంజి ఆఫీసులో కాగితం మీద రాసివ్వండి. కోర్టు పిలిచిన రోజు వెళ్లి చెప్పండి.