రెండో జత చెప్పులు

కిందటి వారం అద్దె ఇళ్ల గురించి రాశాను. ఓనరు "మీరేవుట్లు?" అని అడిగేలోపే గోడ మీది అంబేడ్కర్ ఫొటో తీసి బీరువాలో పెట్టిన సంగతి చదివి చాలామంది మిత్రులు తమ కథలు చెప్పారు. ఈ వారమూ ఇల్లు చూడ్డానికి వచ్చే మనిషి గురించే. కాకపోతే ఆ మనిషి వచ్చేది ఇల్లు అద్దెకివ్వడానికి కాదు, ఈ ఇంటికి బిడ్డనివ్వొచ్చా లేదా అని రాయడానికి.

నా స్నేహితురాలొకామె నర్సు. ఆమెతో ఉండేది స్కూల్ టీచరు. పన్నెండేళ్లుగా ఒకే కాపురం. (వివరాలు కొన్ని మార్చాను, వాళ్లనడిగే రాస్తున్నాను.) 2020లో నర్సు ఒంటరి మహిళగా దత్తతకు దరఖాస్తు పెట్టింది. అలా పెట్టక తప్పదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఒంటరి ఆడమనిషికి దత్తత హక్కు ఇచ్చింది గానీ, జంటగా అడగాలంటే రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలని నిబంధనలు చెబుతాయి. ఈ ఇద్దరికీ ఈ దేశంలో పెళ్లి కాగితం ఎవరిస్తారు?

హోం స్టడీకి సోషల్ వర్కర్ వస్తుందని తెలిశాక ముందురోజు సాయంత్రం నేనూ వెళ్లాను. పరిచయస్తుల సిఫారసు ఉత్తరాల్లో ఒకటి నాది. ముగ్గురం కలిసి ఇల్లు సర్దాం. సర్దడమంటే దాచడం. టీచరు చీరలు, బీపీ మాత్రలు, బాత్రూంలో రెండో బ్రష్షు, ఇద్దరూ అరకులో దిగిన ఫొటో. అన్నీ రెండు సంచుల్లో మా ఇంటికి తెచ్చాను. ఆఖర్న గుమ్మం దగ్గర రెండో జత చెప్పులు కనిపించాయి. టీచరే వంగి తీసి సంచిలో వేసింది. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది, నిద్రపోలేదు.

ఆ సోషల్ వర్కర్ చెడ్డమనిషి కాదు. జీతం, ఆరోగ్యం, డ్యూటీకెళ్తే బిడ్డనెవరు చూస్తారు, అన్నీ ఓపికగా అడిగింది. బిడ్డను చూసేది ఎవరో ఆ ప్రశ్నకు మాత్రం అబద్ధం చెప్పాల్సి వచ్చింది.

తర్వాత రెండేళ్లకు, 2022 జూన్‌లో, సహజీవనంలో ఉన్న ఒంటరి దరఖాస్తుదారులు అర్హులు కారని దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ కారా సర్క్యులర్ ఇచ్చింది. 2023 అక్టోబర్ 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు ఆ వైవాహిక జీవితం నిబంధనను 3-2 తేడాతో నిలబెట్టింది. అది చెల్లదన్న ఇద్దరిలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఒకరు. పెళ్లయిన వాళ్లే పిల్లల్ని బాగా పెంచుతారనడానికి ఆధారమేదీ చూపలేదని ఆయన అభిప్రాయం.

ఆధారం కోసం మా పల్లెకు రండి. మా నాయనమ్మా, ఆమె తోడికోడలూ ఇద్దరూ విధవలే. ఒకే పొయ్యి మీద వండి ఐదుగురు పిల్లల్ని పెంచారు. ఎవరు ఎవరి బిడ్డో మాకు పెద్దయ్యాకే తెలిసింది. వాళ్లకు హోం స్టడీ చేసుంటే రేకుల కప్పు దగ్గరే ఆగిపోయేవాళ్లు. తనిఖీ వద్దనడం లేదు నేను. దత్తత పేరుతో పిల్లల్ని అమ్మిన ముఠాల కథలు మన రెండు రాష్ట్రాలకూ తెలుసు. తనిఖీ ఉండాలి. అది చూడాల్సింది ఇంట్లో ఉన్న మనుషుల్ని.

పాప వచ్చింది. ఇప్పుడు నాలుగేళ్లు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో సెకండ్ పేరెంట్ అడాప్షన్ ఉంది. మొదటి తల్లి హక్కు పోకుండానే, పెళ్లి లేకపోయినా, రెండో మనిషి కూడా ఆ బిడ్డకు చట్టప్రకారం తల్లో తండ్రో అవుతుంది. ఇక్కడ ఆ దారి లేదు. రేపు నర్సుకేమన్నా అయితే టీచరు గార్డియన్‌షిప్ కోసం కోర్టుకెక్కి, పరాయిదానిలా తన కూతుర్ని అడుక్కోవాలి. ఒంటరి దరఖాస్తుదారు బంధువొకరితో హామీ రాయించాలి కదా, ఆ కాగితం మీద ఉన్నది నర్సు తమ్ముడి సంతకం. ఆ సంతకం పెట్టిన రోజు తర్వాత అతను ఈ ఇంటి గడప తొక్కలేదు.

పాపకు ఏం దాచాలో ఇంకా ఎవరూ నేర్పలేదు. ఎవరడిగినా ఇద్దరమ్మలని చెబుతుంది. జూన్‌లో బడిలో వేయాలి. మొన్న టీచరు ఫోన్ చేసింది. "అక్కా, ఫారంలో నా పేరు పక్కన పిన్ని అని రాయమంటావా?" క్లాసులో బంధుత్వ పదాల గురించి గంటసేపు మాట్లాడగలను. ఆమెకు ఇంకా జవాబివ్వలేదు.