తాతకూ మనవడికీ ఒకటే విజిలా?



పోయిన కూటంలో ఒక మాట వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో పెద్దలూ పిల్లలూ కలిసి ఈత పోటీ పెట్టుకుందామని. మంచిదే. అయితే అందరికీ ఒకే దూరం, ఒకే విజిల్ అంటే మేము ఒప్పుకోము.

ఆవనిలో మా ఈడువాళ్లంతా బావుల్లో ఈత నేర్చినోళ్లం. తర్వాత బోర్లు వచ్చాయి, బావులు ఎండాయి, మా పిల్లల్లో శానామందికి ఈతే రాకుండా పోయింది. ఇప్పుడు మనవళ్లు నేర్చుకుంటుంటే మాకూ దిగాలని ఆశ. చేతులు ఈత మరవలేదు గానీ గుండెకు వయసయింది.

ఒక లెక్క చూడండి. 220లో మన వయసు తీసేస్తే గుండె నిమిషానికి కొట్టుకోగల గరిష్ఠం సుమారుగా వస్తుంది. 15 ఏళ్ల పిల్లోడికి 205, 65 ఏళ్ల మనిషికి 155. ఇద్దరి నాడీ 140 ఉందనుకోండి. పిల్లోడు మూడింట రెండొంతుల బలమే వాడుతున్నాడు. తాత నూటికి తొంభై దాకా వెళ్లిపోయాడు. నీళ్లలో నాడి ఇంకా తగ్గుతుంది. కొన్ని బీపీ మాత్రలూ తగ్గిస్తాయి. కాబట్టి నాడిని నమ్ముకోవద్దు, ఊపిరిని చూసుకోండి. గట్టు పట్టుకుని ఒక మాట తడబడకుండా చెప్పలేకపోతే అక్కడే ఆగాలి.

పిల్లల సంగతి వేరు. ఒక్క దౌడు ఈది, రెండు నిమిషాల్లో మళ్లీ రెడీ అంటారు. కానీ వాళ్ల సన్నటి ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. పెదాలు వణికితే బయటికి పిలవాలి. పెద్దల అలసట మరుసటి రోజు తెలుస్తుంది. మధ్యలో ఒక రోజు విడుపు కావాలి.

అట్లని ముసలోళ్లు గట్టున కూర్చోవాలని కాదు. గోలి శ్యామలగారు 52 ఏళ్ల వయసులో విశాఖ నుంచి కాకినాడకు సుమారు 150 కిలోమీటర్లు సముద్రంలో ఈది, 2025 జనవరిలో ఒడ్డు చేరారు. ఒక్క ఊపున కాదు, రోజుకు ఇంతని పంచుకుని.

మేము కోరేది మూడు. వయసువారీగా వేరే పోటీలు. పెద్దలకు వేగం కాకుండా, పోయినంత సమయంలోనే తిరిగి వచ్చినవారికి బహుమతి. మూడోది, కాపలా ఉన్న కొలనులోనే పెట్టాలి, చెరువులో వద్దు. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకంతో నిండుతున్న మన జిల్లా చెరువుల్లోది శుద్ధి చేసిన బెంగళూరు మురుగునీరు. అది భూమిలో ఇంకేందుకు, మనం మునిగేందుకు కాదు.

వచ్చే కూటానికి ముందే మీ అభిప్రాయం రాయండి.