రెండు వందల చందాకు రేషన్ కార్డు నంబరా?

సేవాసంస్థకు విరాళమిచ్చిన వారి పేరు, చిరునామా, గుర్తింపు సంఖ్య ఏటా మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు చేరాలి. దాతకు పన్ను మినహాయింపు ఇప్పించే 80జీ గుర్తింపు ఉన్న సంస్థలపై 2021–22 నుంచి ఉన్న ఈ భారాన్ని 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన ఆదాయపు పన్ను చట్టం–2025 కూడా దించలేదు. ఆ బిల్లును పరిశీలించిన బైజయంత్ పాండా సెలెక్ట్ కమిటీ గట్టిగా చెప్పాక ప్రభుత్వం ఒక్క విషయంలో మెట్టు దిగింది. మతకార్యాలు, ధర్మకార్యాలు రెండూ చేసే ట్రస్టులకు అజ్ఞాత విరాళాలపై పాత మినహాయింపును 2025 ఆగస్టులో తిరిగి చేర్చింది. హుండీలో డబ్బు వేసేవాడు పేరు రాసి వేయడన్న సంగతి ఢిల్లీకి తెలిసొచ్చింది, సంతోషం. ఆ తెలివిడి హుండీ దగ్గరే ఆగిపోయింది. మట్టపల్లి నరసింహస్వామికో, జాన్‌పహాడ్ దర్గాకో కానుక వేసినవాణ్ని ఎవరూ పేరడగరు. అదే మనిషి హుజూర్‌నగర్‌లో అనాథ పిల్లల వసతిగృహానికి రెండు వందలిచ్చి రసీదు తీసుకుంటే పాన్ కావాలి, లేదంటే ఆధార్, అదీ లేకపోతే ఓటరు కార్డో రేషన్ కార్డో కావాలి.

ఎందుకిదంతా అంటే ప్రభుత్వం చెప్పిన కారణం: దాతల సౌకర్యం. 2020 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఇదే చెప్పారు. వివరాలు సంస్థలే పంపితే దాత రిటర్నులో అవి ముందే నిండి ఉంటాయట, మినహాయింపు ఏ చికాకూ లేకుండా చేతికందుతుందట. వినసొంపుగా ఉన్న ఈ మాటలో నిజమెంతో చూడాలంటే సంస్థలు ఆ వివరాలు పంపే 10బీడీ ఫారాన్ని తెరిస్తే చాలు.

వరుస సంఖ్య, గుర్తింపు కోడ్, గుర్తింపు సంఖ్య, సెక్షన్ కోడ్, దాత పేరు, చిరునామా, విరాళం రకం, వచ్చిన తీరు, మొత్తం. సంఘం కోశాధికారి రసీదు పుస్తకం ముందేసుకుని ఒక్కో దాతకు ఒక్కో వరుస నింపాలి. ఇన్ని గడుల్లో ‘ఈ దాత పన్ను మినహాయింపు కోరుతున్నారా?’ అని అడిగే గడి ఒక్కటీ లేదు. సౌకర్యం దాతదే అయితే మొదట అడగాల్సిన ప్రశ్న అదే కదా! గుర్తింపు కోడ్‌ల జాబితా చూస్తే గుట్టు ఇంకా బయటపడుతుంది. రిటర్ను వేయాలంటే పాన్ తప్పనిసరి. పాన్ లేనివాడికి రిటర్నే ఉండదు. అలాంటివాడి రేషన్ కార్డు నంబరు తీసుకుని ఏ రిటర్నును ముందుగా నింపుతారు? మిల్లులో బస్తాలు మోసే హమాలీకి, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీకి ఈ ఫారం చేసే మేలేమిటో ఆ బడ్జెట్ ప్రసంగంలో లేదు.

సరే, రిటర్ను వేసేవారి సంగతే చూద్దాం. 2023–24 నుంచి కొత్త పన్ను విధానమే అందరికీ వర్తించే విధానం. పాతది కావాలంటే కోరి ఎంచుకోవాలి. కొత్తదాంట్లో 80జీ మినహాయింపు లేనే లేదు. 2024 జులై 31 గడువులోగా వచ్చిన 7.28 కోట్ల రిటర్నుల్లో 5.27 కోట్లు, అంటే 72 శాతం, కొత్త విధానంలోనివేనని శాఖే ప్రకటించుకుంది. నూటికి డెబ్భై రెండు మందికి దక్కని మినహాయింపును సులభం చేయడానికి అందరి వివరాలూ సేకరించడం ఏ రకం సౌకర్యం? పాత విధానంలో ఉన్నవాడికైనా ఒరిగేదెంత? మామూలు సంస్థకిచ్చిన రెండు వందల్లో సగానికే మినహాయింపు. ఇరవై శాతం శ్లాబులో ఉంటే మిగిలేది ఇరవై రూపాయలు, సెస్సు కలిపితే మరో ఎనభై పైసలు. ఈ ఇరవై రూపాయల ఎనభై పైసల కోసం దాత తన గుర్తింపును అప్పగించాలి. సంస్థ ఫారం ఆలస్యం చేస్తే రోజుకు రూ.200 రుసుము కట్టాలి, ఆపైన పది వేల నుంచి లక్ష దాకా జరిమానా పడొచ్చు.

ఈ వాదన పూర్తిగా కూలిపోయేది సర్కారీ నిధుల దగ్గర. విరాళాల పట్టిక పంపాలన్న షరతును 80జీలో మామూలు సంస్థలు వచ్చే ఉపనిబంధనకే తగిలించారు. పీఎం కేర్స్, ప్రధాని జాతీయ సహాయనిధి, ముఖ్యమంత్రుల సహాయనిధులు వేరే ఉపనిబంధనల్లో ఉన్నాయి. వాటికి ఆ షరతు లేదు. వాటికిచ్చిన విరాళానికి సగం కాదు, నూటికి నూరు శాతం మినహాయింపు. అంటే ఎక్కువ లాభం ఉన్నచోట దాతకు ‘సౌకర్యం’ అక్కరలేదు, తక్కువ ఉన్నచోట తప్పనిసరి! ఆ బడ్జెట్ ప్రసంగం తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, 2020 మార్చి 27న, పీఎం కేర్స్ ఏర్పాటైంది. సమాచార హక్కు చట్టం దానికి వర్తించదని ప్రధాని కార్యాలయం మొదటినుంచీ వాదిస్తోంది. దాతల సౌకర్యం మీద అంత ప్రేమే ఉంటే దాన్ని సొంతింటి నుంచి మొదలుపెట్టి ఉండాల్సింది.

రాజకీయ పార్టీల లెక్క మరీ విడ్డూరం. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రూ.20 వేలు దాటిన విరాళాల వివరాలే పార్టీలు ఎన్నికల సంఘానికివ్వాలి. ఆలోపు ఇచ్చినవారి పేర్లు చెప్పనక్కరలేదు. ఊళ్లో గ్రంథాలయానికిచ్చే చందాకు మాత్రం ఇలాంటి కనీస పరిమితే లేదు. పార్టీల నిధులు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకునే హక్కు పౌరులకు లేదని 2023 అక్టోబరులో అటార్నీ జనరల్ ఆర్.వెంకటరమణి సుప్రీంకోర్టుకు లిఖితపూర్వకంగా విన్నవించారు. పార్టీలకు నిధులిచ్చే ఎన్నికల బాండ్లకు దాత గోప్యతే ప్రాణమని ప్రభుత్వం అక్కడ గొంతు చించుకుంది. 2024 ఫిబ్రవరి 15న కోర్టు ఆ పథకాన్ని కొట్టేశాక బయటపడిన చిట్టాలో హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్ కొన్న రూ.966 కోట్ల బాండ్లున్నాయి, బీఆర్ఎస్‌కు చేరిన రూ.1,200 కోట్ల పైచిలుకూ ఉంది. వందల కోట్లకు గోప్యత, వందల రూపాయలకు రేషన్ కార్డు!

దొంగ రసీదులతో మినహాయింపులు కొట్టేసే ముఠాలున్న మాట నిజమే. వాటికి ఈ పట్టికతో కొంత అడ్డుకట్ట పడింది కూడా. అయితే దొంగ రసీదు అవసరం మినహాయింపు కోరేవాడికే. కోరనివాడి పేరుతో పనేమిటి?

వివరాలు శాఖ దాటి బయటకు పోవన్న భరోసా కూడా ఇక్కడ సరిపోదు. గనులకో ఫ్యాక్టరీకో వ్యతిరేకంగా కోర్టుకెళ్లిన సంఘానికి చందా ఇచ్చినవాడి భయం పొరుగువాడి గురించి కాదు, సర్కారు గురించే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం కూడా ఇలాగే గోప్యంగా ఉంచుతామని సేవాసంస్థల పెద్ద దాతల జాబితాలు తీసుకుంది. దాదాపు రెండు వేల జాబితాలు పొరపాటున ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకే ఎక్కాయి. ఆ నిబంధనను అక్కడి సుప్రీంకోర్టు 2021 జులై 1న 6–3 మెజారిటీతో కొట్టేసింది. అదైనా సాధారణంగా 5,000 డాలర్లు, ఆపైన ఇచ్చిన దాతల జాబితా.  మన సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తిస్తూ, దానిలో జోక్యం అవసరానికి మించకూడదంది. 10బీడీ ఆ గీత దాటింది.

పేరు చెప్పని విరాళాన్ని మన చట్టం కూడా నేరంగా చూడలేదు. మొత్తం విరాళాల్లో ఐదు శాతం, లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే అంతవరకు అజ్ఞాత విరాళాలకు వెసులుబాటు ఉంది. దాటినదానిపై 30 శాతం పన్ను. ఆ లక్ష 2009లో పెట్టింది, ఇప్పటికీ లక్షే. శిలాఫలకాల మీద ‘గుప్తదాత’ అని చెక్కించుకునే ఊళ్లలో పుట్టిన చిన్న సంఘానికి ఇది ఏ మూలకు?

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మినహాయింపు కోరిన దాత వివరాలే పట్టికలో అడగాలి. పార్టీలకిచ్చిన రూ.20 వేల పరిమితినే సేవాసంస్థలకూ ఇవ్వాలి. రేషన్, ఓటరు కార్డుల కోడ్‌లు తీసేయాలి. మినహాయింపు ఇప్పించే సర్కారీ నిధులన్నీ ఇదే పట్టిక దాఖలు చేయాలి; దీనికొక్కదానికే పార్లమెంటు సవరణ కావాలి. ఫారంలో గడులు మార్చడానికి అదీ అక్కరలేదు. వాటిని రాసింది కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు. ఒక్క నోటిఫికేషన్‌తో తీసేయగలిగిందీ ఆ బోర్డే.